ఎడారిలో గూడబాతులా? మే మొదటి వారానికి వెళ్ళండి

ప్రశ్న: మేం ఆరెగన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో ఉంటాం. రెండేళ్ళుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. ఈమధ్యే 150-600 మి.మీ. జూమ్ లెన్స్ కొన్నాను. అమ్మానాన్న మార్చి చివర్లో సూళ్ళూరుపేట నుంచి వస్తున్నారు, జూన్ దాకా ఉంటారు. వాళ్ళతో, మా ఆవిడతో, ఆరేళ్ళ పాపతో కలిసి ఒక శని, ఆదివారాల్లో మల్హియర్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కి (పక్షుల అభయారణ్యం) వెళ్ళొద్దామని ప్లాను. స్నో గీస్ (పెద్ద తెల్ల బాతులు) గుంపులు, క్రేన్ల (సారసాల) డ్యాన్సు, సేజ్ గ్రౌస్ (అడవికోడి లాంటివి), పెలికన్లు (గూడబాతులు), టానేజర్లు (రంగురంగుల చిన్న పిట్టలు) ఇవన్నీ దొరికే వారం ఏది? ఇంకా పెద్ద లెన్స్ అద్దెకు తీసుకోవాలా? నేను తీసిన తెల్ల కొంగలన్నీ తెల్ల కాగితంలా వస్తున్నాయి, ఈకలు కనబడవు, ఎందుకు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. నాన్నగారేమో "నేలపట్టు పక్కన పుట్టినవాణ్ణి, గూడబాతుల కోసం ఆరు గంటలు కార్లో కూర్చోవాలా?" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసినవన్నీ ఒకేసారి దొరికే వారం లేదండీ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతా ప్లాను తేలికవుతుంది. మల్హియర్‌లో వసంతం ఒకటి కాదు, మూడు. మీరు ఒకదాన్ని ఎంచుకుని మిగతా రెంటినీ వదిలెయ్యాలి.

మొదటిది మంచు కరిగే వసంతం. మార్చి మొదలుకుని ఏప్రిల్ మొదటి వారం దాకా ఉంటుంది. స్నో గీస్, రాసెస్ గీస్, సూదితోక బాతులు వేలకు వేలు దిగేది అప్పుడే. అయితే అవి ఎక్కువగా దిగేది రెఫ్యూజ్‌లో కాదు, బర్న్స్ ఊరి చుట్టూ రైతులు నీళ్ళు పెట్టిన గడ్డి పొలాల్లో. అవి సొంత భూములు కాబట్టి రోడ్డు మీద నిలబడి తీసుకోవాల్సిందే, కంచె దాటకూడదు. క్రేన్ల డ్యాన్సు కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే కనిపిస్తుంది. చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. ఆ లోయ 4,100 అడుగుల ఎత్తులో ఉంది మరి.

రెండోది ఏప్రిల్ చివరి నుంచి మే పదో తారీఖు దాకా. పెలికన్లు, అవోసెట్లు, స్టిల్టులు, ఐబిస్‌లు, పసుపు తల బ్లాక్‌బర్డ్‌లు చెరువుల్లో నిండుగా ఉంటాయి. గీస్ వెళ్ళిపోయి ఉంటాయి. క్రేన్లు గుంపులు విడిపోయి జంటలుగా గడ్డిలో తిరుగుతుంటాయి.

మూడోది మే రెండో సగం. టానేజర్లు, వార్బ్లర్లు, గ్రోస్‌బీక్‌లు రాత్రుళ్ళు ఎగిరొచ్చి, తెల్లారేసరికి ఎడారి మధ్యలో ఉన్న నాలుగు చెట్ల మీద వాలిపోతాయి. పక్షుల పిచ్చి ముదిరినవాళ్ళంతా అప్పుడే వస్తారు. వాళ్ళతోపాటు దోమలూ వస్తాయి. మామూలు దోమలు కావు, చొక్కా మీంచి కుడతాయి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవులకి బాగా కుదురుతుంది కదా అని చాలామంది ఆ వారాంతం పెట్టుకుంటారు. ఒంటరిగా వెళ్ళేవాడికైతే నేనూ అదే చెప్తాను. ఆరేళ్ళ పాపా, పెద్దవాళ్ళూ ఉన్నప్పుడు చెప్పను.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నేను మొదటిసారి వెళ్ళింది ఏప్రిల్ మధ్యలో, అచ్చంగా టానేజర్ల కోసం. ఎక్కడో చూసిన ఒక ఫొటో పట్టుకుని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. చెట్లకి ఆకులే రాలేదు. మూడో రోజు పొద్దున ఒక పెద్దావిడ భుజాన స్కోపు మోసుకుంటూ వెళ్తూ, "నెల ముందే వచ్చేశావు నాయనా" అన్నట్టు చూసి నవ్వింది. ఆ తర్వాత నుంచి క్యాలెండరు చూశాకే కెమెరా సంగతి.

అందుకే మీకు చెప్పేది, మే మొదటి వారాంతం. గీస్‌నీ టానేజర్లనీ ఈ ఏటికి వదిలెయ్యండి. శుక్రవారం, సోమవారం కూడా సెలవు పెట్టండి. రెండు రోజుల్లో వెళ్ళి రావడం జరిగే పని కాదు. పోర్ట్‌లాండ్ నుంచి బెండ్ మీదుగా బర్న్స్‌కి దాదాపు మూడొందల మైళ్ళు. మీ నాన్నగారు ఆరు గంటలంటున్నారు గానీ, పాప, అమ్మగారు, టీలు, బాత్రూమ్‌లు కలిపితే ఎనిమిది లెక్కేసుకోండి. బెండ్ దాటాక బర్న్స్ దాకా 130 మైళ్ళు. మధ్యలో బ్రదర్స్, హాంప్టన్, రైలీ అని బోర్డులు కనిపిస్తాయి. అవి పేరుకే ఊళ్ళు.

ఇంకో మాట. మ్యాపులో ఒట్టి "మల్హియర్" అని కొడితే మల్హియర్ కౌంటీకో, మల్హియర్ నేషనల్ ఫారెస్ట్‌కో తీసుకుపోతుంది. రెఫ్యూజ్ ఉన్నది హార్నీ కౌంటీలో. బర్న్స్‌కి దక్షిణంగా ముప్ఫై మైళ్ళు దాటాక దాని ఆఫీసు వస్తుంది. ఆ పేరు ఫ్రెంచి మాట, దురదృష్టం అని అర్థం. బొచ్చు వ్యాపారం చేసేవాళ్ళు ఆ పేరున్న ఏటి ఒడ్డున దాచుకున్న తోళ్ళు దొంగల పాలయ్యాయని అలా పెట్టారట. మ్యాపు తప్పు కొట్టి రెండు గంటలు తిరిగొచ్చినవాళ్ళకి ఆ పేరు బాగానే సరిపోతుంది.

సేజ్ గ్రౌస్ సంగతి. ఇది మీ లిస్టులో ఉంది కానీ తీసెయ్యమంటాను. మగ పక్షులు తెల్లారకముందే ఒక చదును నేల మీదికి చేరి, గుండె మీది పసుపు సంచుల్ని ఉబ్బించి టపటపమని చప్పుడు చేస్తూ ఆడవాటి ముందు ఠీవిగా నడుస్తాయి. మన రోళ్ళపాడు బట్టమేక పిట్ట కూడా మెడ దగ్గర సంచి ఉబ్బించి ఇలాగే ఆడవాటిని పిలుస్తుంది. అది దాదాపు కనుమరుగైపోయింది కాబట్టి మనలో చాలామందికి బొమ్మల్లో చూడ్డమే మిగిలింది. ఈ గ్రౌస్‌ని చూడాలంటే చీకటి ఉండగానే గతుకుల మట్టి రోడ్డు మీద వెళ్ళి, కారు ఆపి, అవి తమంతట తాము ఎగిరిపోయేదాకా తలుపు తియ్యకుండా కూర్చోవాలి. మధ్యలో ఒకళ్ళు దిగినా ఆ పూట వాటి పెళ్ళిచూపులు పాడైపోతాయి. ఆరేళ్ళ పాపని రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టగలరా? పైగా మేలో ఆ సందడి తగ్గిపోతుంది. మరో ఏడు మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో మీరొక్కరే వెళ్ళండి.

ఎడారి అన్నారు కాబట్టి అది ఎలాంటి ఎడారో ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. లేకపోతే మీ అమ్మగారు ఒంటెల కోసం చూస్తారు. ఇసుక దిబ్బలుండవు. కనుచూపు మేరా మోకాలెత్తు సేజ్‌బ్రష్ పొదలు, బూడిద రంగు ఆకులు. రెండాకులు వేళ్ళ మధ్య నలిపి పాపకి వాసన చూపించండి. ఆ పొదల మధ్యలోకి దక్షిణాన స్టీన్స్ కొండల మంచు కరిగి బ్లిట్జెన్ ఏరుగా వస్తుంది, ఉత్తరాన్నుంచి సిల్వీస్ ఏరు వస్తుంది. వచ్చిన నీళ్ళకి సముద్రానికి పోయే దారి లేదు. పల్లంలో పరుచుకుని ఎండకి ఆవిరైపోవాల్సిందే. అందువల్ల అక్కడి సరస్సు ఏడాదికో సైజులో ఉంటుంది. 1980లలో వరసగా మంచు ఎక్కువ పడి సరస్సులు రోడ్లనీ పశువుల దొడ్లనీ ముంచేశాయి. వరసగా కరువొస్తే చాలా భాగం పగుళ్ళిచ్చిన బురద నేల. వెళ్ళే ముందు వారం రెఫ్యూజ్ ఆఫీసుకి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: నీళ్ళు ఎక్కడున్నాయి? ఏ రోడ్లు మూసి ఉన్నాయి? ఈ రెంటికీ జవాబు దొరికితే పక్షులు ఎక్కడున్నాయో తెలిసినట్టే.

పేరు గొప్పది కదా అని ఫొటోల కోసం ఆ పెద్ద మల్హియర్ సరస్సు వెంట పడకండి. ఒడ్డు దాకా కారు వెళ్ళదు, దూరం నుంచి చూడ్డమే. పైగా దాన్నిండా కార్ప్ చేపలు. ఎప్పుడో వందేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఏళ్ళలోకి వచ్చిన చేపలు అడుగు బురదంతా కెలికేసి నీళ్ళని మురికి చేశాయి. నీళ్ళు మురికైతే అడుగుకి ఎండ చేరదు, ఎండ చేరకపోతే బాతులు తినే నాచు, గడ్డి పెరగవు. ఒకప్పుడు బాతులతో కిక్కిరిసిన సరస్సు అలా దెబ్బతింది. ఇప్పుడు మీకు ఫొటోలు దొరికేది దానికి దక్షిణంగా, బ్లిట్జెన్ లోయలో మట్టికట్టలు పోసి నీళ్ళు నిలిపిన చిన్న చిన్న చెరువుల దగ్గర.

ఉండటానికి మూడు దారులున్నాయి. బర్న్స్‌లో మోటెళ్ళు, కిరాణా, పెట్రోలు బంకులు ఉన్నాయి కానీ పొద్దున్నే నలభై ఐదు నిమిషాలు నడపాలి. దక్షిణం చివర్న ఫ్రెంచ్‌గ్లెన్‌లో పాతకాలపు చిన్న హోటలుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే గదులు మేడ మీద, బాత్రూమ్‌లు ఉమ్మడి. మీ అమ్మగారి మోకాళ్ళకి వద్దు. మూడోది రెఫ్యూజ్ ఆఫీసుకి దగ్గర్లోనే ఉన్న మల్హియర్ ఫీల్డ్ స్టేషన్. హంగులేమీ ఉండవు. నేలమట్టంగా ఉండి, వంట చేసుకునే వీలున్న బస కావాలని అడగండి. దుప్పట్లు మనమే తీసుకెళ్ళాలేమో కూడా కనుక్కోండి. మనవాళ్ళకి ఇదే హాయి. మొదటి పూటకి పులిహోర కలుపుకుపోతే రెండో పూటకి అన్నం వండుకుని ఆవకాయ, పెరుగు వేసుకోవచ్చు. రెఫ్యూజ్ లోపల తిండి దొరకదు, బర్న్స్ దాటాక శాకాహారం అన్నమాట మర్చిపోండి. పెట్రోలు బర్న్స్‌లోనే నిండా కొట్టించండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక వెలుతురు. ఈ ట్రిప్పులో మీకు పనికొచ్చే మాట ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇది. ఆఫీసు దగ్గర్నుంచి ఫ్రెంచ్‌గ్లెన్ దాకా లోయ పొడవునా సెంటర్ పెట్రోల్ రోడ్డని ఒక కంకర రోడ్డుంది, నలభై మైళ్ళ లెక్క. మొత్తం మీద ఉత్తర దక్షిణాలుగా పోతుంది. అమెరికాలో స్టీరింగు ఎడం పక్క. పొద్దున ఉత్తరం నుంచి దక్షిణానికి నడిపారనుకోండి, మీ కిటికీ తూర్పు వైపుంటుంది, ఎండ నేరుగా మొహం మీద, పక్షులన్నీ నల్లటి నీడల్లా వస్తాయి. అదే రోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి వస్తే మీ కిటికీ పడమటికి తిరుగుతుంది, సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, ప్రతి ఈకా కనిపిస్తుంది. సాయంత్రం ఇదంతా తిరగబడుతుంది. కాబట్టి పొద్దున ఉత్తరానికి, సాయంత్రం దక్షిణానికి. ఆఫీసు ఉత్తరం కొసన ఉంది కాబట్టి చాలామంది పొద్దున్నే అక్కడ మొదలెట్టి దక్షిణానికి దిగుతారు. నేనూ రెండు ట్రిప్పులు అలాగే పాడుచేసుకున్నాను.

దీన్నిబట్టి మీ రోజులు ఇలా సర్దుకోండి. శనివారం పొద్దున రోడ్డు జోలికి పోకండి. ఆఫీసు ఆవరణలో కాటన్‌వుడ్ చెట్లు, పచ్చిక, ఒక చిన్న చెరువు, దాని ఒడ్డున నక్కి కూర్చుని తీసుకునేందుకు చెక్క గూడు ఉన్నాయి. మే మొదట్లో సూర్యోదయం ఆరుకి కాస్త ముందు. చెట్లలో కొమ్ముల గుడ్లగూబ కాపురం పెట్టిన ఏడైతే దాని పిల్లలు దూదిపింజల్లా కొమ్మ మీద వరసగా కూర్చుని మనల్నే చూస్తుంటాయి. పచ్చిక నిండా బెల్డింగ్స్ ఉడతలు బొరియల్లోంచి మేకుల్లా లేచి నిలబడతాయి. పాపకి టానేజరు కంటే ఇవే నచ్చుతాయి, పందెం. అమ్మగారికి నడక అక్కర్లేదు, కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. పక్కనే చిన్న మ్యూజియంలో అక్కడి పక్షులన్నీ అద్దాల వెనక పేర్లతో ఉన్నాయి. నాన్నగార్ని ముందు అక్కడికి తీసుకెళ్ళండి, బయట చూసినప్పుడు పోల్చుకోగలుగుతారు.

మధ్యాహ్నం ఫొటోలకి దండగ. ఆ టైములో డయమండ్ వైపు వెళ్ళి పీట్ ఫ్రెంచ్ కట్టించిన గుండ్రటి కొట్టం చూసి రండి. పందొమ్మిదో శతాబ్దంలో ఈ లోయలో వేల పశువులున్న భూస్వామి ఆయన. చలికాలంలో గుర్రాల్ని మాలిమి చెయ్యడానికి పైకప్పు కింద గుండ్రంగా పరిగెత్తించే ఏర్పాటు అది. ఆయన్ని 1897లో భూమి తగాదాలో కాల్చి చంపారు. సాయంత్రం నాలుగున్నరకి ఆఫీసు దగ్గర రోడ్డెక్కి దక్షిణానికి బెన్సన్ పాండ్ దాకా మెల్లగా దిగండి, చీకటి పడ్డాక తారు రోడ్డు 205 మీదుగా తిరిగి రండి. ఆ రోడ్డు మీద జింకలు, ఆవులు అడ్డం వస్తాయి, స్పీడొద్దు.

ఆదివారం పొద్దున నాలుగూముప్పావుకి లేచి, పాపని దుప్పటితో సహా కార్లో వేసుకుని, అదే 205 మీద ముందు ఫ్రెంచ్‌గ్లెన్ చేరుకోండి. పక్కనే పి రాంచ్. అక్కడి పాత టవరు మీద టర్కీ రాబందులు రాత్రి పడుకుని, ఎండ తగలగానే రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటాయి. అక్కణ్ణుంచి ఉత్తరానికి, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, బెన్సన్ పాండ్‌కీ బ్వేనా విస్టా చెరువులకీ రండి. గంటకి పది మైళ్ళు కూడా ఎక్కువే. ఒక చెరువు దగ్గర ఇంజను ఆపి నలభై నిమిషాలు కూర్చోండి. కారు ఆగిన పది నిమిషాలకి పక్షులు దాన్ని లెక్కచెయ్యడం మానేస్తాయి. తలుపు తీసి కాలు కింద పెట్టారా, వంద గజాల దాకా అన్నీ లేచిపోతాయి. రోడ్డూ, గుర్తులు పెట్టిన కాలిబాటలూ దాటి దిగడం ఎలాగూ కూడదు, అది గూళ్ళ కాలం. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి, రెఫ్యూజ్‌లో నిషేధం. ఫోన్లో పక్షి కూత పెట్టి పిలవడం కూడా వద్దు.

కారే మీ మాటు కాబట్టి దానికి తగ్గ ఏర్పాటు ఒకటుంది. షాపులో బీన్ బ్యాగ్ అని అమ్ముతారు, కొనక్కర్లేదు. పాత జీన్స్ కాలు ఒకటి మోకాలి దాకా కత్తిరించి, ఒక కొస కుట్టేసి, రెండు కిలోల బియ్యం పోసి రెండో కొస కూడా కుట్టెయ్యండి. మరీ నిండా పొయ్యొద్దు, ముప్పావు చాలు. కిటికీ అద్దం సగానికి దించి దాని మీద గుర్రానికి జీను వేసినట్టు వేసి, మధ్యలో గుంట చేసి లెన్స్ పడుకోబెట్టండి. ట్రైపాడ్ కంటే నయం. నేనొకసారి కందిపప్పు పోశాను, ఫర్వాలేదు కానీ బియ్యమే బాగా ఒదుగుతుంది. ఇంటికొచ్చాక వండుకోవచ్చు కూడా. మా ఇంట్లో ఆ ప్రతిపాదన నెగ్గలేదు.

పొద్దున కిటికీ దించే ముందు హీటరు ఆపెయ్యండి. దీని వెనక కారణముంది. బయట మంచు కురిసేంత చలి, లోపల వెచ్చదనం. కిటికీ తీయగానే వెచ్చటి గాలి బయటికి ఉరుకుతుంది, మీ లెన్స్ దాని గుండానే చూడాలి. వెచ్చటి గాలి, చల్లటి గాలి కలిసేచోట వెలుతురు వంకర్లు పోతుంది. స్క్రీన్ మీద బాగానే కనబడుతుంది, ఇంటికొచ్చి పెద్దది చేస్తే కన్ను మెత్తగా ఉంటుంది. లెన్స్ చెడిపోయిందని సర్వీసుకి పంపినవాళ్ళున్నారు. పది నిమిషాలు అద్దాలన్నీ దించి చలిని లోపలికి రానిస్తే సరి. అమ్మగారికీ పాపకీ శాలువాలు, మంకీ క్యాపు మర్చిపోకండి. పదింటి తర్వాత ఇదే పని నేల చేస్తుంది. ఎండకి కాగిన తెల్ల బురద మీంచి గాలి మరిగి ఎండమావిలా ఊగుతుంది. దాన్ని దాటించే లెన్స్ ఇంకా పుట్టలేదు.

పెద్ద లెన్స్ అద్దె ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. వద్దు. మీ 600 చాలు. మూడు కిలోల పైన బరువుండే లెన్స్‌ని కారు కిటికీలో తిప్పడం నరకం, పైగా పక్కసీట్లో పాప. ఆ డబ్బుతో ఒక రోజు ఎక్కువుండండి, నాన్నగారికి మంచి బైనాక్యులర్స్ కొనండి. మీరు చెయ్యాల్సిందల్లా ఈ నెల రోజులూ మీ ఊళ్ళోనే ఉన్న జాక్సన్ బాటమ్ చెరువుల దగ్గర ఆ బియ్యం సంచితో అలవాటు పడటం. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 పెట్టండి. పొద్దున వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ 3200 దాకా పోనివ్వండి, ఫొటోలో గింజ (నాయిస్) వచ్చినా ఫర్వాలేదు. కదిలిపోయిన ఫొటోని బాగుచెయ్యలేరు కదా.

తెల్ల కొంగలు కాగితంలా రావడానికి కారణం కెమెరా మీటరు. తనకి కనిపించేదంతా ఒక మధ్యస్థం బూడిదరంగులోకి తేవాలని చూస్తుందది. ముదురు రంగు నీళ్ళలో చిన్న తెల్ల కొంగ నిలబడితే, మీటరు నీళ్ళ నలుపు చూసి "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. నీళ్ళు బాగుంటాయి, కొంగ మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటి దగ్గర పెట్టి తీసి చూడండి. హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే మాడిన చోటు నల్లగా మిణుకుమిణుకుమంటుంది, ఆగేదాకా తగ్గించుకుంటూ పోండి. ఐబిస్‌కి ఇది తిరగేసి చెయ్యాలి. మన చెరువుల దగ్గర కనిపించే కంకణం పిట్టకి చుట్టం అది. దూరానికి కాకిలా నల్లగా ఉంటుంది గానీ ఎండ పడితే రాగి, ఆకుపచ్చ, ఊదా అన్నీ పలుకుతాయి. మెరిసే నీళ్ళలో నిలబడ్డప్పుడు దానికి కాస్త ప్లస్ ఇవ్వాలి. క్రేన్లు అక్కడక్కడ ఇటుక రంగులో కనిపిస్తే వైట్ బ్యాలెన్స్ మార్చెయ్యకండి. అవి ఇనుప చాయ బురదని ముక్కుతో ఈకలకి పూసుకుంటాయి, ఆ రంగు నిజమే.

కంకర రోడ్డు ఎండాకాలం బావుంటుంది. వానొస్తే పక్క మట్టిదారుల్లోకి మాత్రం తిరగొద్దు. ఓ మే నెలలో రాత్రి వాన పడి తెరిపిచ్చాక, పొడుగు ముక్కు కర్ల్యూ ఒకటి కనిపించిందని ముప్ఫై గజాలు పక్కకి తిప్పాను. నాలుగు చక్రాలూ జిగురు బంకలో దిగబడ్డాయి. ఫోను సిగ్నల్ లేదు. గంటన్నర తర్వాత ఒక పశువుల రైతు పికప్పులో వచ్చి, ఒక్క మాటా అడక్కుండా గొలుసు కట్టి లాగేశాడు. డబ్బివ్వబోతే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. కర్ల్యూ అంతసేపూ అక్కడే ఉంది. నా కెమెరా వెనక సీట్లో ఉంది, నేను బురదలో ఉన్నాను. స్పేరు టైరులో గాలి ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి, నీళ్ళ సీసాలు అవసరానికి రెండింతలు పెట్టుకోండి.

2016 జనవరిలో తుపాకులు పట్టుకున్న గుంపొకటి ఈ రెఫ్యూజ్ ఆఫీసుని నలభై రోజుల పైన ఆక్రమించుకున్న సంగతి నెట్‌లో చూసి మీ ఆవిడ టెన్షన్ పడొచ్చు. అది ముగిసిపోయిన కథ. అక్కడ మీకు ఎదురయ్యేది స్కోపులు మోసుకొచ్చిన రిటైరైనవాళ్ళు, మీ కారుకి దారిచ్చి చెయ్యూపే రైతులు.

ఇక నాన్నగారు. ఫ్లెమింగో పండగ జరిగే ఊరాయన, గూడబాతుల గురించి ఆయనకి నేను చెప్పేదేముంది. అయినా రెండు సంగతులు ఆయన చెవిన వెయ్యండి.

ఒకటి, అసలు ఈ రెఫ్యూజ్ పుట్టిందే కెమెరా వల్ల. అప్పట్లో ఆడవాళ్ళ టోపీలకి తెల్ల కొంగ ఈకలు ఫ్యాషను. వేటగాళ్ళు గూళ్ళ కాలంలోనే కొంగల్ని కాల్చేవాళ్ళు, ఆ ఈకలు అప్పుడే వస్తాయి కనుక. 1908లో విలియం ఫిన్లీ, హెర్మన్ బోల్మన్ అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు గాజు పలకల కెమెరాలు పడవలో వేసుకుని మల్హియర్ సరస్సు రెల్లులో వారాల తరబడి తిరిగారు. తెల్ల కొంగల్ని అప్పటికే దాదాపు తుడిచిపెట్టేశారని తేలింది. మిగిలిన పక్షుల ఫొటోలతో తిరిగొచ్చారు. ఫిన్లీ పట్టు పట్టాడు. ఆ ఆగస్టు 18న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సరస్సుని పక్షులకి రాసిచ్చేస్తూ సంతకం పెట్టాడు. ఇప్పుడు బ్వేనా విస్టాలో మీరు మైనస్ ఒకటి పెట్టి తీయబోయే కొంగలు ఆ తర్వాత మళ్ళీ వచ్చి స్థిరపడ్డవాటి సంతానం.

రెండోది, నేలపట్టులో ఆయన చూసిన గూడబాతుకి లేనిది ఇక్కడి గూడబాతుకి ఉంటుంది. ముక్కు మీద, మధ్యకి కాస్త ముందుగా, అరచెక్క బిళ్ళలా ఒక కొమ్ము. ఆడకీ మగకీ ఇద్దరికీ వస్తుంది, జత కట్టే రోజుల్లో మాత్రమే ఉంటుంది, గుడ్లు పెట్టాక రాలిపోతుంది. నేలపట్టు చెట్ల మీద ఎన్ని వేల గూళ్ళు చూసినా అది కనపడదు, ఎందుకంటే అది వేరే జాతి. బైనాక్యులర్స్ ఆయన చేతికిచ్చి, "కొమ్మున్నదాన్ని ముందు ఎవరు పట్టుకుంటారో చూద్దాం" అని పాపతో పందెం వెయ్యండి. మీరు మీ కిటికీలోంచి తీసుకోండి, ఆయన్ని మీ వెనక సీట్లో, అదే వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పడమటి వైపు.